ఇంటి మీటరు చెప్పు లెక్క

వీధి గుమ్మము ప్రక్కనో, మెట్ల క్రిందనో గోడకు బిగింపబడి యుండు విద్యుత్ మీటరును ఇంటిలోనివారు సాధారణముగా నెలకొకసారి మాత్రమే తలచెదరు. అదియు బిల్లు తీయు మనిషి వచ్చి కాగితము చేతికిచ్చినప్పుడే. కాగితము మీది మొత్తమును చూచి ఆశ్చర్యపడుట, ఎవరో ఆర్పక విడిచిన దీపమే కారణమని ఊహించుట, రెండు దినములు పిల్లలను గద్దించుట, మూడవ దినమున మరచిపోవుట - ఇది చాల ఇండ్లలో జరుగు సంగతి. కాని ఏ వస్తువు ఎంత విద్యుత్తును తినుచున్నదో ఊహింప పనిలేదు. ఆ మీటరే క్షణక్షణమును దానిని చెప్పుచున్నది. దాని భాష నేర్చుకొన్న చాలును.

పాత మీటర్లలో ఒక అల్యూమినియపు పళ్లెము తిరుగుచుండెడిది. దాని అంచుపై ఒక గుర్తు ఉండెడిది. ఇంటిలో వాడకము పెరిగినకొలది పళ్లెము వేగముగా తిరుగును. అన్నిటిని ఆర్పివేసినచో నిలిచిపోవును. తీగచుట్టలలో ప్రవహించు ఏకాంతర విద్యుత్తు పళ్లెములో సుడి ప్రవాహములను పుట్టించుటయు, వాటి మూలమున పళ్లెము త్రిప్పబడుటయు దానిలోని రహస్యము. 1889లో హంగెరీ దేశపు ఇంజనీరు ఓట్టో బ్లాథీ ఈ విధమైన మీటరును రూపొందించెను. నూరేండ్లకు పైగా లోకమంతటను విద్యుత్తును కొలిచినది ఈ పళ్లెమే. ఇప్పుడు ఎక్కువ ఇండ్లలో ఉన్నవి ఎలక్ట్రానిక్ మీటర్లు. వీటిలో పళ్లెము లేదు. దానికి బదులు ముఖముపై ఒక చిన్న ఎర్రదీపము మినుకుమినుకుమనుచుండును. యూనిట్టుకు ఎన్ని మినుకులో తెలుపు సంఖ్య కూడ అక్కడనే ముద్రింపబడి యుండును. చాల మీటర్లపై అది 3200. అనగా ఆ ఎర్రదీపము 3200 సార్లు మినుకుమన్నచో ఒక యూనిట్టు ఖర్చైనదని అర్థము.

యూనిట్టు అనునది ఒక కిలోవాట్-గంట. వేయి వాట్ల ఇస్త్రీపెట్టె ఎడతెగక ఒక గంటసేపు వేడెక్కినచో ఖర్చగు శక్తి ఇంత. భౌతికశాస్త్రపు కొలతలో ఇది 36 లక్షల జౌలులు. సంఖ్య చెప్పిన మాత్రమున దాని పరిమాణము మనసుకెక్కదు. 25 కిలోల బియ్యపు బస్తాలు నలుబది, మొత్తము ఒక టన్ను బరువును, 367 మీటర్ల ఎత్తునకు ఎత్తుటకు ఇంత శక్తి కావలెను. అది చార్మినారు ఎత్తునకు ఆరు రెట్లకు పైగా! కూలీలచేత ఆ పనిని చేయించినచో ఎన్ని దినములు పట్టునో, ఎంత కూలి ఇయ్యవలెనో ఎవరికి వారే ఊహించుకొనవచ్చును. అదే శక్తి తీగగుండా కొద్ది రూపాయలకు వచ్చుచున్నది కనుకనే దాని విలువ కంటికి ఆనుట లేదు.

ఇక మినుకుల లెక్క. 36 లక్షలను 3200చే భాగించినచో 1125 వచ్చును. ఒక్కొక్క మినుకు 1125 జౌలులు. ఒక నిమిషములో వచ్చిన మినుకులను లెక్కించి ఆ సంఖ్యను 18.75చే గుణించినచో, ఆ సమయమున ఇంటిలో వాడబడుచున్న సామర్థ్యము వాట్లలో తెలియును. మీటరుపై 3200 కాక మరియొక సంఖ్య ఉన్నచో, 60,000ను ఆ సంఖ్యచే భాగించి, వచ్చినదానిచే గుణింపవలెను. ఇంటిలోని సమస్తమును ఆర్పి, ఒక్క పాత ఫ్యానును మాత్రము వేసినచో దీపము నిమిషమునకు నాలుగుమార్లు మినుకుమనును. అనగా 75 వాట్లు. 2000 వాట్ల గీజరు వేసినచో నిమిషమునకు 107 మినుకులు వచ్చును. అంత వేగముగా లెక్కించుట కష్టము కనుక 15 సెకండ్లు లెక్కించి నాలుగు రెట్లు చేయవచ్చును. చిన్న వస్తువులకైనచో ఐదు నిమిషములు కూర్చుండి లెక్కించుట మేలు. ఫ్రిజ్జు ప్లగ్గును తీయుట మాత్రము మరువరాదు. అది తనకు తోచినప్పుడు పనికి దిగి లెక్కనంతయు చెడగొట్టును. మీటరు పెట్టెను తెరువ పనిలేదు, తాక పనియు లేదు. ఎనిమిదవ తరగతి చదువు బాలికకు ఇది ఒక సాయంకాలపు పని. పాఠశాలలో సామర్థ్యము, శక్తి అను మాటల భేదమును బోధించుటకు ఇంతకన్న చవుకైన ప్రయోగము దొరకదు.

చివరి యూనిట్టు ధర

బిల్లు తగ్గించుకొనదలచినవారు ముందుగా గ్రహింపవలసిన విషయమొకటి కలదు. అన్ని యూనిట్లకును ధర ఒకటి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 సంవత్సరమునకు విద్యుత్ నియంత్రణ మండలి గృహములకు నిర్ణయించిన ధరలలో మొదటి 30 యూనిట్లకు యూనిట్టు 1 రూపాయి 90 పైసలు. అటుపిమ్మట 75 వరకు 3 రూపాయలు. 125 వరకు 4 రూపాయల 50 పైసలు. 225 వరకు 6 రూపాయలు. 400 వరకు 8 రూపాయల 75 పైసలు. ఆపైన 9 రూపాయల 75 పైసలు. స్థిర ఛార్జీలు, సుంకము, ఇంధన సర్దుబాటు ఇందులో చేరలేదు.

నెలకు 260 యూనిట్లు వాడు ఇంటికి ఈ లెక్కన 1323 రూపాయల 25 పైసలగును. సగటున యూనిట్టుకు ఐదు రూపాయల చిల్లర. ఆ ఇంటివారు 35 యూనిట్లు తగ్గించినచో 178 రూపాయలు మిగులునని సగటును పట్టుకొని లెక్కించుట పొరపాటు. తగ్గునవి పైమెట్టులోని యూనిట్లు. ఒక్కొక్కటి 8 రూపాయల 75 పైసలది. కనుక మిగులునది 306 రూపాయల 25 పైసలు. మెట్లబావిలో నీరు పైమెట్టునుండియే తగ్గును గదా.

తెలంగాణలో మెట్లు మరింత నిటారుగా ఉన్నవి. అక్కడ 2022-23లో నిర్ణయింపబడిన ధరల ప్రకారము 100 దాటి 200 యూనిట్ల వరకు వాడువారికి మొదటి నూరింటికి 3 రూపాయల 40 పైసలు, రెండవ నూరింటికి 4 రూపాయల 80 పైసలు. 200 దాటినవారు వేరొక వర్గములోనికి పోవుదురు; వారికి మొదటి 200 యూనిట్లకును 5 రూపాయల 10 పైసలు, ఆపైన 300 వరకు 7 రూపాయల 70 పైసలు. కాబట్టి సరిగా 200 యూనిట్లు వాడిన ఇంటికి 820 రూపాయలు. 201 వాడిన ఇంటికి 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు వెల 207 రూపాయల 70 పైసలు! 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల కుటుంబములకు 200 యూనిట్ల వరకు బిల్లు లేకుండుటచే ఈ గీతకు విలువ ఇంకను పెరిగినది. గీత దాటిన నెలలో బిల్లు మొత్తమును కట్టవలసి వచ్చును. నెల నడుమ ఒకసారి మీటరు సంఖ్యను చూచికొను గృహిణికి గల లాభము, బిల్లు వచ్చిన తరువాత చింతించు గృహస్థునకు లేదు.

తీగకు అవతలి చివర

ఇంటికి వచ్చు విద్యుత్తునకు వాసన లేదు, పొగ లేదు. పొగ ఉండుచోటు వేరు. రామగుండము, కొత్తగూడెము, ఇబ్రహీంపట్నము, సింహాద్రి మొదలగు చోట్ల గల ఉష్ణ విద్యుత్ కేంద్రములలో బొగ్గును మండించి, నీటిని ఆవిరిగా చేసి, ఆ ఆవిరిచే టర్బయినులను త్రిప్పి విద్యుత్తును తీయుచున్నారు. బొగ్గులోని ఉష్ణమునందు సుమారు మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారును. మిగిలినది పొగగొట్టము ద్వారమునను, చల్లబరచు నీటితోడను పోవును. ఇది ఇంజనీర్ల అసమర్థత కాదు. ఉష్ణమునంతను పనిగా మార్చు యంత్రమును నిర్మించుట సాధ్యము కాదని ఉష్ణగతిశాస్త్రము చెప్పుచున్నది.

భారతదేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. ఒక యూనిట్టు విద్యుత్తునకు సుమారు కిలోలో మూడింట రెండు వంతుల బొగ్గు కావలెను. అందులోని కార్బను 12 గ్రాములు మండినచో 32 గ్రాముల ఆక్సిజనుతో కలిసి 44 గ్రాముల కార్బన్ డయాక్సైడు అగును. కనుకనే బొగ్గు కన్న దాని పొగ బరువెక్కువ. బొగ్గు కేంద్రమునుండి వచ్చు ఒక్కొక్క యూనిట్టుకు దాదాపు ఒక కిలో కార్బన్ డయాక్సైడు గాలిలో కలియుచున్నది. జలవిద్యుత్తు, సూర్యకాంతి, గాలి, అణుశక్తి - వీటినన్నిటిని కలిపి సగటు తీసినచో భారతదేశపు విద్యుత్తునకు యూనిట్టుకు సుమారు 0.7 కిలో పడుచున్నది. నెలకు 60 యూనిట్లు తగ్గించిన ఇల్లు ఏడాదికి 500 కిలోల కార్బన్ డయాక్సైడును ఆపినట్లగును. కేంద్రమునుండి ఇంటికి వచ్చు దారిలో తీగలు వేడెక్కుటచే కొంత విద్యుత్తు నష్టమగును గనుక నిజమునకు ఆగునది ఇంకను కొంచెము ఎక్కువే.

ఈ వాయువు వాతావరణములో చేరి, భూమి వెలువరించు ఉష్ణమును పోనీయక పట్టి ఉంచును. ఎండలు పెరుగుట, ఆ ఎండలకు ఏసీలు పెరుగుట, వాటికొరకు మరల బొగ్గు మండించుట - ఇది ఒక గానుగ తిరుగుడు.

ఇంటిలో ఏది ఎంత తినును?

ఉష్ణమును పుట్టించు వస్తువులే పెద్ద తిండిపోతులు. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు కాచుటకు 0.6 యూనిట్టు పైచిలుకు కావలెను. నీటి విశిష్టోష్ణము ఎక్కువ కనుక దీనిలో తప్పించుకొను ఉపాయము లేదు. మంచి గీజరైనను చెడ్డదైనను నీరు పుచ్చుకొను ఉష్ణము అంతే. ఆదా చేయదగినది ఆ తరువాతి భాగము. గీజరును గంటలకొలది వేసి యుంచినచో కాగిన నీరు చల్లారుచు, మరల కాగుచుండును. స్నానమునకు నీరు 40 డిగ్రీలున్న చాలును. 60 డిగ్రీలకు కాచి చన్నీరు తొరుపుకొనువారు గొట్టములలోను తొట్టిలోను పోవు వేడికి కూడ వెల ఇచ్చుచున్నారు. డాబాపై సూర్యరశ్మితో నీరు కాచు యంత్రము పెట్టగలవారికి తెలుగుదేశపు ఎండ ఏడాదిలో ఎక్కువ నెలలు ఉచితముగా ఆ పనిని చేసిపెట్టును.

ఫ్యాను సంగతి వేరు. దాని సామర్థ్యము చిన్నది. కాని పని గంటలు పెక్కు. ఈ దేశమున ఫ్యానును గూర్చిన చర్చ ఏసీని గూర్చిన చర్చ కన్న ముఖ్యమైనది, ఏలయన ఏసీ లేని ఇండ్లు కోట్లు కలవు, విద్యుత్తు ఉండి ఫ్యాను లేని ఇల్లు అరుదు. ఫ్యాను గదిని చల్లబరచునని చాలమంది నమ్మకము. అది నిజము కాదు. మూసియున్న గదిలో ఫ్యానును వేసి ఉష్ణమాపకముతో చూచినచో ఉష్ణోగ్రత రవంత పెరుగునే గాని తగ్గదు. ఆ 75 వాట్లును చివరకు ఉష్ణముగనే మారును. ఫ్యాను చల్లబరచునది మనిషిని. చెమటను త్వరగా ఆవిరిచేసి, శరీరమును అంటియున్న వెచ్చని గాలి పొరను తొలగించి హాయిని కలిగించును. మనిషి లేని గదిలో తిరుగు ఫ్యాను ఎవరికిని పనికిరాని చిన్న హీటరు.

సాధారణ ఫ్యానులో ఉండునది ప్రేరణ మోటారు. దాని తిరుగు భాగములో విద్యుత్తును ప్రేరేపించి అయస్కాంతముగా మార్చవలెను. అందుకే కొంత శక్తి వేడిగా పోవును. ముట్టుకొని చూచినచో నడుమ బుర్ర వెచ్చగా ఉండుట అందువలననే. కొత్తరకపు ఫ్యానులలో, బీఎల్‌డీసీ అని అంగళ్లలో అడుగునవి ఇవే, తిరుగు భాగములో శాశ్వత అయస్కాంతములనే అమర్చెదరు. చిన్న ఎలక్ట్రానిక్ పరికరము తీగచుట్టలకు తగు సమయమున విద్యుత్తు నందించును. అదే గాలికి ఇవి 30 వాట్ల ప్రాంతములో తీసికొనును. ఐదు నిమిషములు మినుకులు లెక్కించినచో పాత ఫ్యానునకు 20, కొత్తదానికి 8. దినమునకు 15 గంటల చొప్పున తిరిగినచో పాతది నెలకు 34 యూనిట్లు, కొత్తది 13న్నర యూనిట్లు తినును. ఒక్క ఫ్యానువద్ద 20 యూనిట్ల ఆదా. 2023 జనవరి 1 నుండి సీలింగు ఫ్యానులకు కూడ నక్షత్రముల చీటీ తప్పనిసరి చేయబడినది కనుక కొనువారు దానిని చూచుకొనవచ్చును.

అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. పైమెట్టులో ఉన్న ఇంటికి ఆ 20 యూనిట్ల వెల నెలకు 175 రూపాయలు. కొత్త ఫ్యానునకు పెట్టిన అధికపు సొమ్ము త్వరలోనే తిరిగివచ్చును. మూడు రూపాయల మెట్టులో ఉన్న ఇంటికి మిగులునది 60 రూపాయలే; వారి సొమ్ము తిరిగివచ్చుటకు మూడు రెట్ల కాలము పట్టును. గాలిలో కలియకుండ ఆగు కార్బన్ డయాక్సైడు మాత్రము రెండిండ్లలోను సమానమే. పేదవాని ఇంట పాత ఫ్యాను తిరుగుచుండుటకు అతని అజ్ఞానము కారణము కాదు. ఈ విషయమును మరచి పొదుపును బోధించుట వలన ప్రయోజనము స్వల్పము. చవుకగా అందజేయుటయే దారి అని దీపముల చరిత్ర చూపుచున్నది.

60 వాట్ల పాత బల్బులో వెలుతురుగా మారునది నూటికి ఐదు పాళ్ల ప్రాంతమే, మిగిలినది వేడి. అంత వెలుతురును ఎల్‌ఈడీ దీపము 9 వాట్ల లోపున ఇచ్చును. 2014లో ఈ దీపమును టోకున కొనుటకు 310 రూపాయలు పడుచుండెడిది. 2015 జనవరి 5న ప్రారంభమైన ఉజాలా పథకము క్రింద కోట్ల కొలది దీపములను ఒకేమారు కొనుటచే 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగినది. పథకము మొత్తముమీద 36 కోట్లకు పైగా దీపములను పంచినది. ఇప్పుడు చాల ఇండ్లలో దీపములవద్ద ఆదా చేయుటకు మిగిలినది కొంచెమే; చోకుతోకూడిన పాత ట్యూబులైట్లు ఎచ్చటనైన ఉన్నచో అవి మాత్రము మార్పదగినవి. అవి చోకు తిండితో కలిపి 50 వాట్లు దాటును. ఎల్‌ఈడీ ట్యూబునకు 20 వాట్లు చాలును. మరియొక వింత కూడ కనబడుచున్నది. దీపము తిండి తగ్గగానే, ఒక దీపముతో గడిపిన గదిలో పైకప్పునిండ పది దీపములు పొదుగుచున్నారు. ఆవిరియంత్రములు పొదుపుగా మారినకొలది ఇంగ్లండులో బొగ్గు వాడకము తగ్గుటకు మారుగ పెరిగినదని 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు చూపెను. ఆయన చెప్పినది బొగ్గును గూర్చియైనను నేటి హాలు పైకప్పునకును చెల్లును.

నీటి మోటారును చూచి భయపడువారు కలరు. వేయి లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తునకు ఎత్తుటకు సిద్ధాంతరీత్యా కావలసినది 0.03 యూనిట్టు కూడ కాదు. పంపు దక్షత నూటికి 30 అనుకొన్నను 0.09 యూనిట్టు. నేలతొట్టినుండి డాబాపైకి నీరెక్కించుట పెద్ద ఖర్చు కాదు. 100 మీటర్ల లోతు బోరునుండి తోడుటైనచో అది పది రెట్లగును. భూగర్భజలము క్రిందికి దిగినకొలది బిల్లు పైకెక్కును. ట్యాంకు నిండి పొర్లుచున్నచో అది నీటి నష్టమే కాక విద్యుత్తు నష్టము కూడ.

ఫ్రిజ్జు లోపలి ఉష్ణమును మోసి వంటగదిలో పారబోయు కూలి. దాని వెనుక నల్లని గొట్టముల వెచ్చదనము అదియే. గోడకు ఆనించి పెట్టినచో ఆ ఉష్ణము పోవుటకు దారిలేక కూలికి శ్రమ అధికమగును. జానెడు ఎడముంచిన చాలును. తలుపు రబ్బరు సడలినదో లేదో తెలిసికొనుటకు ఒక కాగితమును నడుమ పెట్టి తలుపు మూసి లాగి చూడవలెను. సులభముగా వచ్చినచో రబ్బరు మార్పవలసినదే. వేడి కూరను చల్లారకముందే లోపల పెట్టుట, గాలి ఉచితముగా చేయు పనికి కూలి ఇచ్చుటతో సమానము.

వంటగదిలో గ్యాసు లెక్కయు విద్యుత్తు లెక్క వంటిదే. 14.2 కిలోల సిలిండరు మండినచో సుమారు 43 కిలోల కార్బన్ డయాక్సైడు వెలువడును. నీరు మరుగునప్పుడు మంటను ఎంత పెంచినను నీటి ఉష్ణోగ్రత నూరు డిగ్రీలు దాటదు. అధికపు మంట ఆవిరిని మాత్రము పెంచును. కాబట్టి పొంగు వచ్చిన పిమ్మట మంట తగ్గించినను పప్పు అదే సమయమునకు ఉడుకును. కుక్కరులో ఒత్తిడి హెచ్చుటచే నీరు 120 డిగ్రీల వరకు వేడెక్కును గనుక త్వరగా ఉడుకును. కందిపప్పును ముందుగా నానబెట్టు అమ్మమ్మలు ఈ లెక్కలు చదువలేదు గాని ఫలితమును ఎరుగుదురు.

ఎండ, డాబా, ఏసీ

వేసవి బిల్లునకు మూలము ఏసీ అని అందరు నెరుగుదురు. నిజమునకు మూలము దానికి పైన ఉన్నది. నడి మధ్యాహ్నపు ఎండలో చదరపు మీటరునకు సుమారు వేయి వాట్ల చొప్పున సూర్యశక్తి పడుచుండును. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు గల డాబాపై పడునది లక్ష వాట్లు. అనగా 50 గీజర్లు ఒకేమారు వేసినట్లు. బూడిదరంగు కాంక్రీటు ఇందులో మూడవ వంతు మాత్రమే వెనుకకు పంపి మిగిలినదానిని త్రాగివేయును. జానెడు లోపు మందము గల ఆ కప్పు పగలంతయు వేడిని నింపుకొని, ప్రొద్దుగ్రుంకిన తరువాత గదిలోనికి వెలువరించును. పగలు పదింటికి బాగున్న గది రాత్రి పదింటికి ఉడుకుటకు ఇదే కారణము. ఎండ పోయినది గాని దాని అప్పు తీరలేదు.

తెల్లని సున్నము గాని, ఈ పనికే వచ్చుచున్న తెల్లరంగు గాని డాబాకు పూసినచో పడిన ఎండలో మూడింట రెండు వంతులకు పైగా తిరిగి ఆకాశమునకు పోవును. సంక్రాంతికి గోడలన్నిటికి సున్నము వేయించి, ఎండ ఎక్కువగా తగులు డాబాను మరచుట వింత అలవాటు. దుమ్ము పట్టిన కొలది గుణము తగ్గును గనుక ఏటేటను ఎండలు ముదురకముందు వేయవలెను. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో 2028 వరకు అమలునకై చల్లని పైకప్పుల విధానమును ప్రకటించినది; ఇట్టి పూతలు అందులోనివే. ఏసీ లేని ఇంటికి ఈ పూత వలన కలుగు మేలు బిల్లులో కనబడదు; రాత్రి నిద్రలో కనబడును.

ఏసీ కూడ ఫ్రిజ్జు వలె ఉష్ణమును మోయు యంత్రమే. బయట 40 డిగ్రీలుండగా గదిని 20 వద్ద నిలుపుటకు 20 డిగ్రీల భేదమును కాపాడవలెను. 24 వద్దనైనచో 16 డిగ్రీలు. గోడలగుండా లోనికి కారు ఉష్ణము భేదమునకు అనుపాతముగా ఉండును గనుక మోయవలసిన బరువు ఐదవ వంతు తగ్గును. ఒక్కొక్క డిగ్రీకి సుమారు నూటికి 6 పాళ్లు ఆదా అని కేంద్రప్రభుత్వపు ఇంధన దక్షతా సంస్థ చెప్పుటకును ఈ లెక్కకును పొత్తు కుదురుచున్నది. 2020 జనవరి 1 నుండి నక్షత్రపు చీటీగల గది ఏసీలు వేయగానే 24 డిగ్రీల వద్ద ప్రారంభమగునట్లు నియమము చేయబడినది. త్వరగా చల్లబడుటకు 18 పెట్టువారు కలరు. సాధారణపు ఏసీలో ఆ సంఖ్య ఎక్కడ ఆగవలెనో చెప్పును గాని ఎంత త్వరగా పోవలెనో చెప్పదు. 26 వద్ద ఏసీని ఉంచి ఫ్యానును మెల్లగా వేసికొన్నచో చాలమందికి చాలినంత హాయి కలుగును.

పొడి ఎండలు కాయు అనంతపురము, ఆదిలాబాదు వంటి ప్రాంతములలో నీటి కూలరు మంచి నేస్తము. ఒక లీటరు నీరు ఆవిరియగుటకు గాలినుండి సుమారు 24 లక్షల జౌలుల ఉష్ణమును లాగికొనును. మట్టికుండలో నీరు చల్లబడుటయు ఈ గుప్తోష్ణపు మహిమయే. కూలరునకు 200 వాట్ల లోపున సరిపోవును. ఏసీకి దాని కెన్నో రెట్లు కావలెను. కాని కాకినాడలోను, విశాఖపట్నములోను సముద్రపు తేమతో నిండిన గాలికి మరల నీటి ఆవిరిని పుచ్చుకొను శక్తి తక్కువ. అచ్చట కూలరు ఉక్కపోతను పెంచుటయే ఎక్కువ. పొరుగూరివారి సలహాను అనుసరించి కొనువారు ముందు తమ ఊరి గాలిని చూచుకొనవలెను.

డాబాపై సౌరఫలకములను గూర్చి ఒక్క మాట. ఒక కిలోవాట్ ఫలకములు దినమునకు సగటున 4 యూనిట్ల ప్రాంతములో ఇచ్చును. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకములో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయల చొప్పునను, మూడు కిలోవాట్లు అంతకు పైబడినచో మొత్తము 78,000 రూపాయలును సహాయముగా నిర్ణయింపబడినది. కాని పాత ఫ్యానులు, సడలిన ఫ్రిజ్జు రబ్బరు ఉన్న ఇంటిపై ఫలకములు పెట్టుట చిల్లుబిందెకు పెద్ద చేద వేయుట. ముందు తిండి తగ్గించినచో ఫలకములు తక్కువ చాలును.

అందరు నిద్రించిన పిమ్మట

చివరి ప్రయోగము రాత్రి చేయదగినది. దీపములు, ఫ్యానులు అన్నియు స్విచ్చువద్ద ఆర్పి, ఫ్రిజ్జు ప్లగ్గును తీసి మీటరు ముందు ఐదు నిమిషములు నిలువవలెను. మినుకులు ఆగవలెను. చాల ఇండ్లలో ఆగవు. రిమోటుతో ఆర్పబడిన టీవీ, దానితోడి సెట్‌టాప్ బాక్సు, ఇంటర్నెట్టు పెట్టె మొదలైనవి నిద్రలోను తినుచుండును. ఐదు నిమిషములకు ఐదారు మినుకులు వచ్చినచో అది 20 వాట్లు. నెలకు 14 యూనిట్ల పైచిలుకు. ఎవరును వెలుతురు గాని గాలి గాని పొందకయే పైమెట్టులో 125 రూపాయలు పోవుచున్నవి. వాటి స్విచ్చులను గోడవద్ద ఒక్కొక్కటిగా ఆర్పుచు ఏది ఎంతదో కనిపెట్టవచ్చును.

అన్ని ప్లగ్గులను తీసివేసిన తరువాత కూడ ఎర్రదీపము మినుకుమనుచున్నచో ఆ ఇంటివారు తెల్లవారగానే ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను. గోడలోని తీగ తొడుగు చెడి, చెమ్మగిలిన గోడలోనికో భూమిలోనికో విద్యుత్తు కారుచుండవచ్చును. అట్టి గోడను తడిచేతితో తాకుట ప్రాణాపాయము. అటువంటి కారుడు కలిగినప్పుడు రెప్పపాటులో విద్యుత్తును ఆపివేయు ఆర్‌సీసీబీ అను స్విచ్చును మెయినువద్ద పెట్టించుకొన్నచో ఆ భయము చాలవరకు తీరును.